కారు డ్యాష్‌బోర్డులో కంప్యూటర్: సీమ ఎండకు తట్టుకునేలా బిగించడం, కరెంటు ఇవ్వడం

కర్నూలు, అనంతపురం, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు పైభాగం 70 డిగ్రీలు సులువుగా దాటుతుంది. కారులో కంప్యూటర్ పెట్టడం గురించి నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా చల్లటి దేశాలవాళ్లు రాసినవి. స్టీరియో తీసేసి ఆ ఖాళీలోనే తెర, కంప్యూటర్, ఓల్టేజీ మార్చే కన్వర్టర్ అన్నీ కుక్కేయమంటాయి. ఇక్కడ అది రెండు వేసవులు కూడా నిలవదు. మన దగ్గర పాటించాల్సిన పద్ధతి వేరు: డ్యాష్‌బోర్డులో తెర మాత్రమే ఉండాలి, కంప్యూటర్ సీటు కిందికో గ్లవ్‌బాక్సు వెనక్కో పోవాలి, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటును శుభ్రం చేశాకే దానికి అందించాలి. చెడిపోయిన సెటప్పులు విప్పి చూస్తే కంప్యూటర్ బోర్డు తప్పు అరుదు. ఓల్టేజీయో వేడో వదులు ఎర్తో కారణమై ఉంటుంది.

ముందు కరెంటు లెక్క

ఏ పనికి పెడుతున్నారో తేల్చుకోండి. పాటలు, ఆఫ్‌లైన్ మ్యాపు, రివర్స్ కెమెరా, ఓబీడీ (ఇంజను వివరాలు చెప్పే కారు పోర్టు) రీడింగులు అయితే రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతి సైజు బోర్డు కంప్యూటర్ చాలు, దాన్నే ఇకపై పై 4 అంటాను. రెండు మూడు కెమెరాల రికార్డింగు, విండోస్ సాఫ్ట్‌వేర్ కావాలంటే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ తీసుకోండి. ఇవి చాలావరకు 12 ఓల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరుతో వస్తాయి.

పై 4కు 5 ఓల్టుల దగ్గర 3 ఆంపియర్లు, అంటే 15 వాట్లు కేటాయించాలి. 7 అంగుళాల తెరకు 5 వాట్లు. కన్వర్టర్‌లో పోయేది కూడా కలుపుకుంటే బ్యాటరీ వైపు 2 ఆంపియర్లు, దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మినీ పీసీ, పెద్ద తెర కలిపి 50 వాట్లు అనుకుంటే 5 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఫ్యూజు 7.5 వేయండి. ఫ్యూజు కాపాడేది కంప్యూటర్‌ను కాదు, వైరును. వైరు మోయగలిగిన దానికన్నా పెద్ద ఫ్యూజు వేస్తే షార్ట్ అయినప్పుడు ముందు కాలేది వైరే.

నిలిపిన కారు లెక్క కూడా చూడండి. చిన్న పెట్రోలు కార్లలో 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. అందులో సగానికి మించి వాడితే సెల్ఫ్ తీసుకోవడం కష్టం, బ్యాటరీ ఆయుష్షూ తగ్గుతుంది. కంప్యూటర్ ఖాళీగా ఆన్‌లో ఉండి 0.3 ఆంపియరు లాగినా రెండున్నర రోజుల్లో ఆ సగం అయిపోతుంది. అందుకే కీ తీశాక కరెంటు పూర్తిగా తెగాలి. స్లీప్‌లో ఉంచడం, షట్‌డౌన్ చేసి వదిలేయడం చాలవు. షట్‌డౌన్ అయిన బోర్డు కూడా కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటుంది.

కారు కరెంటు 12 ఓల్టులు కాదు

ఆగి ఉన్న మంచి బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఇంజను నడుస్తుంటే డైనమో 13.8 నుంచి 14.4 దాకా ఇస్తుంది. సెల్ఫ్ కొట్టిన క్షణంలో 9కో, పాత బ్యాటరీ అయితే 6కో పడిపోతుంది. డైనమో చార్జింగులో ఉండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే కొన్ని పదుల ఓల్టుల దెబ్బ ఒక్కసారిగా వస్తుంది. హైవే మీద బ్యాటరీ డౌన్ అయితే లారీ ఆపి జంప్ చేయించుకోవడం మనకు అలవాటు. లారీలో ఉండేది 24 ఓల్టులు. వీటన్నిటినీ తట్టుకోవాల్సింది కంప్యూటర్ ముందున్న కన్వర్టరే.

పై 4కు: కనీసం 40 ఓల్టుల ఇన్‌పుట్ తట్టుకునే, 5 ఆంపియర్ల బక్ కన్వర్టర్ (ఓల్టేజీని తగ్గించి ఇచ్చేది) తీసుకోండి. ఎల్‌ఎం2596 చిప్పు ఉన్న చిన్న మాడ్యూళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. వాటి మీద 3 ఆంపియర్లు అని రాసి ఉన్నా హీట్‌సింకు లేకుండా 2 దాటితే కాగిపోతాయి. మూసిన కారులో ఇంకా తొందరగా. ఈ పనికి అవి వద్దు. కన్వర్టర్ ఇన్‌పుట్ దగ్గర 24 ఓల్టుల టీవీఎస్ డయోడ్ (ఓల్టేజీ హద్దు మీరితే దాన్ని అదుపు చేసేది) ఒకటి, 5కేపీ24ఏ లాంటిది, ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య పెట్టండి. ఇంజను ఆపిన లారీ నుంచి జంప్ ఇచ్చినా అది పనిలోకి దిగదు. అంతకన్నా పెద్ద దెబ్బ వస్తే సుమారు 39 ఓల్టుల దగ్గర కట్టేస్తుంది. అందుకే కన్వర్టర్ 40 తట్టుకోవాలనడం.

మినీ పీసీకి: 12 ఓల్టులు కావాలి కాబట్టి బ్యాటరీకి నేరుగా కలిపేయొచ్చనుకుంటారు. కలపకండి. 14.4 వస్తే కొన్ని బోర్డులు ఊరుకోవు, సెల్ఫ్ కొడితే అన్నీ రీస్టార్ట్ అవుతాయి. ఇన్‌పుట్ తగ్గినా పెరిగినా 12 ఓల్టులే ఇచ్చే బక్-బూస్ట్ కన్వర్టర్ కావాలి. కీ సిగ్నల్ చూసి పీసీని తానే ఆన్, ఆఫ్ చేసే వాహన పవర్ సప్లైలు కూడా ఉన్నాయి. ఎం4-ఏటీఎక్స్ అలాంటిదే. 6 నుంచి 30 ఓల్టుల మధ్య పనిచేస్తుంది, 250 వాట్లు ఇస్తుంది. డబ్బు పెట్టగలిగితే మినీ పీసీకి ఈ దారే మేలు.

పవర్ బ్యాంకు, లిథియం సెల్లున్న యూపీఎస్ బోర్డు ఈ కారులో ఎక్కడా పెట్టవద్దు. మామూలు లిథియం సెల్లును 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. మధ్యాహ్నం ఎండలోంచి తీసిన కారులో కీ తిప్పగానే జరిగేది సరిగ్గా అదే.

వైరింగు

కావాల్సినవి: 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు ఎరుపు 5 మీటర్లు, నలుపు 1 మీటరు, సిగ్నల్‌కు 0.5 వైరు 3 మీటర్లు, బ్లేడ్ ఫ్యూజు హోల్డరు, ఫ్యూజు ట్యాప్ (కారు ఫ్యూజు చోట గుచ్చి అదనపు లైను తీసుకునేది), రింగు లగ్గులు, క్రింపింగ్ ప్లయర్, ముడతల గొట్టం, గుడ్డ టేపు, మల్టీమీటరు. ఇవన్నీ మన ఊళ్లలో ఆటో ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతాయి. టీవీఎస్ డయోడ్, మంచి కన్వర్టర్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు. నల్ల పీవీసీ టేపు వాడకండి, వేసవికి జిగురు కరిగి ఊడిపోతుంది.

కీ తీసి బ్యాటరీ నెగటివ్ విప్పండి. పది నిమిషాలు ఆగాకే డ్యాష్‌బోర్డు మీద చేయి వేయండి. ఎయిర్‌బ్యాగు సర్క్యూట్‌లో మిగిలిన చార్జ్ దిగడానికి ఆ సమయం. సీటు కిందైనా డ్యాష్‌బోర్డు లోపలైనా పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగుది. దాన్ని ఊడదీయొద్దు, మీటరు పెట్టి కొలవొద్దు, మీ వైరు దాని మీద కట్టొద్దు.

మెయిన్ ప్లస్ బ్యాటరీ నుంచే రావాలి. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి వద్దు. గుంతల్లో దాని స్ప్రింగు కాంటాక్టు కదిలి క్షణం పాటు తెగుతుంది, ఆ క్షణమే కంప్యూటర్‌కు రీస్టార్ట్. బ్యాటరీ ప్లస్ దగ్గరే, 20 సెంటీమీటర్ల లోపు, ఫ్యూజు హోల్డరు పెట్టండి. అక్కడి నుంచి ముడతల గొట్టంలో, ఫైర్‌వాల్‌లో (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ) కంపెనీ ఇచ్చిన రబ్బరు గ్రోమెట్ గుండా లోపలికి తీయండి. రేకుకు కొత్త చిల్లి వేయక తప్పకపోతే గ్రోమెట్ లేకుండా వైరు దూర్చవద్దు, ఆరు నెలల్లో రేకు అంచు ఇన్సులేషన్‌ను కోసేస్తుంది. లోపల డోర్ కింద పట్టీ తీసి దాని కిందనుంచి సీటు దాకా తీసుకెళ్లండి. పెడల్స్, స్టీరియింగు కాలమ్ దరిదాపుల్లో వైరు వేలాడకూడదు.

ఎర్త్‌కు సీటు దగ్గరి బాడీ బోల్టు ఒకటి చూసుకోండి. సీటు బెల్టు బోల్టు మాత్రం ముట్టుకోవద్దు. పెయింట్ గీకి మెరిసే రేకు కనిపించాక రింగు లగ్గు, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వ్యాజ్‌లిన్ పూయండి. ఆ ఎర్త్ మంచిదో కాదో మల్టీమీటరు ఓమ్స్‌లో తెలియదు. అన్నీ ఆన్ చేసి, ఎర్త్ బోల్టుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య ఓల్టేజీ కొలవండి. 0.1 ఓల్టు లోపు ఉండాలి.

ఎక్కువమంది చూడని విషయం 5 ఓల్టుల వైపు నష్టం. 12 ఓల్టుల వైపు 3 మీటర్ల 1.5 వైరులో 5 ఆంపియర్లు పోతే తగ్గేది 0.2 ఓల్టు, అది లెక్కలోకి రాదు. అదే 5 ఓల్టుల వైపు ఒక మీటరు సన్నటి యూఎస్‌బీ కేబుల్, లోపలి వైరు 0.2 చదరపు మిల్లీమీటర్లది, పెట్టారనుకోండి. రానుపోను రెండు మీటర్లు, 0.17 ఓమ్ నిరోధం. 3 ఆంపియర్ల దగ్గర అర ఓల్టు పోతుంది. కన్వర్టర్ 5.1 ఇచ్చినా బోర్డుకు 4.6 అందుతుంది. పై 4 బోర్డు 4.63 ఓల్టుల దగ్గరే తక్కువ ఓల్టేజీ అని గుర్తు చూపించి వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి కన్వర్టర్ కంప్యూటర్ పక్కనే ఉండాలి, కేబుల్ 20 సెంటీమీటర్లకు మించకూడదు, ఔట్‌పుట్ 5.1 నుంచి 5.2 మధ్య సెట్ చేయాలి. 5.25 దాటించకండి.

కీతో ఆన్, కీతో ఆఫ్

కీ తీయగానే కరెంటు తెగితే మెమరీ కార్డు ఏదో ఒకనాడు పాడవుతుంది. అందుకే రెండు వైర్లు: బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే ప్లస్, కీ స్థితి చెప్పే సిగ్నల్.

సిగ్నల్ ఏ లైను నుంచి తీయాలనే దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. స్టీరియోకు వచ్చే యాక్సెసరీ లైను చాలా కార్లలో సెల్ఫ్ కొట్టేటప్పుడు తెగి మళ్లీ వస్తుంది. కంప్యూటర్ దాన్ని కీ తీసినట్టుగా భావించి షట్‌డౌన్ మొదలుపెడుతుంది. ఫ్యూజు బాక్సులో కీ ఆన్‌లోనూ సెల్ఫ్ కొట్టేటప్పుడూ కరెంటు ఉండే లైను వెతకండి. ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్, ఇంజను ఈసీయూ ఫ్యూజుల జోలికి పోవద్దు. ఫ్యూజు ట్యాప్‌లో సిగ్నల్‌కు 1 లేదా 2 ఆంపియర్ల ఫ్యూజు చాలు.

ఫ్యూజు ట్యాప్ ఏ వైపు తిప్పి పెట్టాలో ఇలా తెలుస్తుంది. పాత ఫ్యూజు తీసేసి, కొత్త ఫ్యూజు మాత్రమే ఉంచి ట్యాప్ గుచ్చి కీ ఆన్ చేయండి. మీ వైరులో 12 ఓల్టులు వస్తే సరిగ్గా ఉంది, రాకపోతే తిప్పి పెట్టండి. తప్పుగా ఉంటే మీ లోడు కారు ఫ్యూజు గుండా కూడా పోతుంది.

ఇప్పుడు 12 ఓల్టుల ఆఫ్-డిలే టైమర్ రిలే ఒకటి కావాలి. కీ ఉన్నంతసేపు రిలే పట్టి ఉంచుతుంది, కీ తీశాక సెట్ చేసినంతసేపు ఆగి వదిలేస్తుంది. పై 4కు 60 సెకన్లు, విండోస్‌కు 180 పెట్టండి. క్రమం ఇది: బ్యాటరీ, ఫ్యూజు, టైమర్ రిలే, టీవీఎస్ డయోడ్, కన్వర్టర్, కంప్యూటర్. టైమర్ తానే ఖాళీగా ఎంత లాగుతుందో కొలవండి. 20 మిల్లీఆంపియర్లు అయితే రోజుకు అర ఆంపియర్-అవర్, నెలకు 14. కారు వారాల తరబడి నిలిపేటప్పుడు మెయిన్ ఫ్యూజు తీసేయడం మంచిది.

కీ తీసిన సంగతి పై 4కు చెప్పడానికి పీసీ817 ఆప్టోకప్లర్ (రెండు వైపుల కరెంటును కలపకుండా వెలుగుతో సిగ్నల్ దాటించే చిప్పు) వాడాలి. కీ సిగ్నల్ నుంచి 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా దాని లోపలి ఎల్‌ఈడీకి, అక్కడినుంచి ఎర్త్‌కు. ఎల్‌ఈడీకి అడ్డంగా ఒక 1ఎన్4148 డయోడ్ తిరగేసి పెట్టండి, వెనకనుంచి వచ్చే దెబ్బకు రక్షణ. ట్రాన్సిస్టర్ వైపు కలెక్టర్ బోర్డు మీది సిగ్నల్ పిన్నుల్లో జీపీఐఓ 3 అనేదానికి, అంటే వరసలో 5వ పిన్నుకు, ఎమిటర్ 6వ పిన్ను గ్రౌండుకు. కీ ఆన్‌లో ఉంటే పిన్ను కిందికి లాగబడుతుంది, కీ తీస్తే పైకి లేస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో (config.txt) జీపీఐఓ-షట్‌డౌన్ ఓవర్లే (gpio-shutdown అనే సెట్టింగు) చేర్చి, పిన్ను 3, యాక్టివ్-లో 0 అని రాయండి.

జీపీఐఓ 3నే ఎంచుకోవడానికి కారణం ఉంది. పెట్రోలు బంకులో కీ తీసి, నలభై సెకన్లలో మళ్లీ కీ పెడతారు. ఈలోగా పై 4 షట్‌డౌన్ అయిపోయింది, కానీ టైమర్ ఇంకా కరెంటు తెంచలేదు. కరెంటు తెగలేదు కాబట్టి మామూలుగా అయితే బోర్డు మళ్లీ లేవదు, ఊరు చేరేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఆగి ఉన్న పై 4ను జీపీఐఓ 3 కిందికి లాగితే నిద్రలేపవచ్చు. మిగతా పిన్నులకు ఆ గుణం లేదు. పై 5లో ఈ పద్ధతి వేరు, దానికి పవర్ బటన్ ఉంది.

దీంతో ఒక చిక్కు. డీఎస్3231 గడియారం మాడ్యూలు కూడా మామూలుగా ఇదే పిన్ను వాడుతుంది. పై 4లో సొంత గడియారం లేదు, అడవి దారిలో నెట్ దొరకకపోతే తేదీ తప్పుతుంది, కెమెరా రికార్డింగుల మీద తప్పు సమయం పడుతుంది. గడియారాన్ని ఐ2సీ-ఆర్‌టీసీ-జీపీఐఓ ఓవర్లేతో జీపీఐఓ 23, 24లకు మార్చుకోండి.

తెర, చట్రం, వేడి

డబుల్ డిన్ (కార్లలో వచ్చే పెద్ద సైజు) స్టీరియో ఖాళీ 178 మిల్లీమీటర్ల వెడల్పు, 100 ఎత్తు. రాస్ప్‌బెర్రీ పై సొంత మొదటి తరం 7 అంగుళాల తెర బయటి కొలత 194, 110. నేరుగా దిగదు, ముందుకు వచ్చే చట్రం చేయించాలి. చట్రాన్ని 3డీ ప్రింట్ చేయిస్తే పీఎల్‌ఏ ప్లాస్టిక్ అస్సలు వద్దు. అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, మొదటి ఏప్రిల్‌కే తెర ముందుకు వాలిపోతుంది. ఏబీఎస్ లేదా ఏఎస్‌ఏ ప్లాస్టిక్ అడగండి. హాట్ గ్లూ, మామూలు డబుల్ టేపు కూడా అంతే. స్క్రూలు వేయండి.

తెర కొనేటప్పుడు రెండు అంకెలు చూడండి. వెలుగు 700 నిట్స్‌కు (తెర వెలుగు కొలత) తగ్గకూడదు, 300 నిట్స్ తెర పగలు అద్దంలా మీ మొహమే చూపిస్తుంది. పనిచేసే ఉష్ణోగ్రత కనీసం 70, వీలైతే 85 డిగ్రీలు. రాత్రికి వెలుగు తగ్గేలా హెడ్‌లైట్‌తో వచ్చే ఇల్యూమినేషన్ లైను వాడుకోండి. సిగ్నల్ అందని గువ్వలచెరువు ఘాట్‌లోనో ఆత్మకూరు, దోర్నాల మధ్య నల్లమలలోనో రాత్రిపూట మిరుమిట్లు గొలిపే తెర ప్రమాదం. అలాంటి దారుల కోసమే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలు ముందే దించుకోవాలి.

పెనుకొండ దగ్గర తయారయ్యే కియా కార్లలాంటి కొత్త బండ్లలో కంపెనీ తెరను తీయవద్దు. రివర్స్ కెమెరా, బండి సెట్టింగులు, కొన్నిట్లో ఏసీ కూడా దానితోనే ముడిపడి ఉంటాయి, వారంటీ గొడవ సరేసరి. అలాంటి కారులో చిన్న తెర విడిగా పెట్టుకోండి.

కంప్యూటర్‌కు ఫ్యాను లేని అల్యూమినియం పెట్టె మంచిది. మన ఎర్ర దుమ్ము, నల్లరేగడి దుమ్ము చిన్న ఫ్యానును ఒక సీజనులో పట్టేస్తాయి. సీటు కింద కార్పెట్ మీద నేరుగా పెట్టకుండా రేకు క్లాంపు మీద రెండు సెంటీమీటర్లు ఎత్తులో బిగించండి. గాలి ఆడాలి, కారు కడిగినప్పుడు తడి తగలకూడదు. ఆఫ్‌లో ఉన్న బోర్డు ఎండ వేడిని తట్టుకుంటుంది. కాగి ఉన్నప్పుడే ఆన్ చేసి పని చేయించడం దానికి కష్టం. పై 4 చిప్పు 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం అద్దాలు దించి, ఏసీ కాస్త ఆడాక వీడియో పనులు పెట్టండి.

మెమరీ కార్డు ఇండస్ట్రియల్ రకం కొనండి. సిస్టమ్ భాగాన్ని రాస్ప్‌బెర్రీ కాన్ఫిగ్‌లోని ఓవర్లే ఫైల్ సిస్టమ్‌తో చదవడానికి మాత్రమే ఉండేలా చేసి, రికార్డింగులను వేరే హై ఎండ్యూరెన్స్ కార్డులోకి మళ్లించండి. అప్పుడు కరెంటు హఠాత్తుగా పోయినా సిస్టమ్ నిలుస్తుంది.

ఓబీడీ పోర్టులో 16వ పిన్నులో ఎప్పుడూ బ్యాటరీ ప్లస్ ఉంటుంది. కంప్యూటర్‌కు కరెంటు అక్కడినుంచి తీయవద్దు, రీడరుకు మాత్రమే వాడండి. జీపీఎస్ యాంటెన్నాను ముందు అద్దం దగ్గర, కన్వర్టర్‌కు దూరంగా పెట్టండి.

పరీక్ష, చిక్కులు

కారులో బిగించే ముందు టేబుల్ మీద 12 ఓల్టుల ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లైతో రెండు గంటలు వీడియో నడపండి. కన్వర్టర్ మీద వేలు ఆనించలేనంత వేడెక్కితే అది కారులో బతకదు. కారులో పెట్టాక సెల్ఫ్ ఐదారుసార్లు కొట్టి చూడండి. తర్వాత నెగటివ్ విప్పి మల్టీమీటరును 10 ఆంపియర్ల రేంజిలో వరసగా కలిపి, అరగంట ఆగి, నిలిపిన కారు లాగే కరెంటు చూడండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు. మెయిన్ ఫ్యూజు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి కొలిస్తే మీ సెటప్పు లాగేదెంతో తెలుస్తుంది.

తెర మీద మెరుపు గుర్తు వస్తోంది: ఓల్టేజీ తక్కువ. పై 4లో వీసీజెన్‌సీఎండీ గెట్-త్రాటిల్డ్ (vcgencmd get_throttled) ఆదేశం సున్నా చూపించాలి. 50000 వస్తే ఇంతకుముందెప్పుడో పడింది, 50005 వస్తే ఇప్పుడే పడి ఉంది. ముందు కేబుల్ మార్చండి, తర్వాత కన్వర్టర్.

సెల్ఫ్ కొడితే రీస్టార్ట్: బ్యాటరీ ముసలిదో, బక్ కన్వర్టర్‌కు ఇన్‌పుట్ చాలకో. 5 ఓల్టుల బక్‌కు కనీసం 7 అందాలి. బ్యాటరీ బాగుంటే బక్-బూస్ట్ వేయండి.

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే కూత: ఎర్త్ లూప్. స్టీరియో ఎర్త్, కంప్యూటర్ ఎర్త్ ఒకే బోల్టుకు చేర్చండి. తగ్గకపోతే ఆక్స్ కేబుల్‌లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి.

కంప్యూటర్ ఆన్ చేస్తే ఎఫ్‌ఎం గరగర: కన్వర్టర్ స్విచ్చింగ్ నాయిస్. దాని ఇన్‌పుట్, ఔట్‌పుట్ వైర్లకు ఫెరైట్ క్లాంపులు వేసి, యాంటెన్నా కేబుల్‌కు దూరం జరపండి.

గుంతల్లో టచ్ పనిచేయడం మానేస్తోంది: తెరకూ కంప్యూటర్‌కూ మధ్య యూఎస్‌బీ పిన్ను కదులుతోంది. రెండు చివర్లా కేబుల్‌ను కనెక్టర్ నుంచి 5 సెంటీమీటర్లలోపు చట్రానికి కట్టేయండి, కుదుపు కనెక్టర్ దాకా పోకుండా ఆగుతుంది.